మగవాళ్లలో ఈస్ట్ ఇన్ఫెక్షన్: ట్యూబ్ కొనే ముందు, కొన్న తర్వాత

రాత్రి తొమ్మిదిన్నర దాటాక వస్తారు. షాపు ముందు జనం పల్చబడే దాకా పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఎవరూ లేరనుకున్నాక కౌంటర్ మీదకు వంగి, "అన్నా, కింద దురదకి మంచి ట్యూబ్ ఏదైనా ఇవ్వవా?" అంటారు. పాతికేళ్ల కుర్రాడైనా, రిటైరైన మాస్టారైనా గొంతు అక్కడికొచ్చేసరికి తగ్గిపోతుంది. "కింద అంటే ఎక్కడండీ?" అని అడిగితే "అదే... కిందే" అంటారు. గజ్జల్లోనా, వృషణాల మీదా, లింగం చివరా అన్నది తేలకుండానే ట్యూబ్ చేతులు మారిపోతుంది. చాలాసార్లు అది తప్పు ట్యూబ్.

నేను డాక్టర్‌ని కాను, మెడికల్ షాపు నడుపుకునేవాణ్ణి. కౌంటర్ దగ్గర నలుగురి మధ్య మీరు అడగలేనివీ, నేను విడమరిచి చెప్పలేనివీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది చదివాక డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. వెళ్లడమే మంచిది.

ముందు, ఇది ఏమిటో తెలుసుకోండి

క్యాండిడా అని ఒక ఈస్ట్ ఉంది. బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌కి దూరపు చుట్టం అనుకోండి. అది చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మీద మామూలుగానే ఉంటుంది, ఏ గొడవా చేయదు. తేమ, వెచ్చదనం, తినడానికి కాస్త చక్కెర దొరికితే మాత్రం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఈ మూడూ ఒకేచోట దొరికే జాగా మగవాళ్లలో లింగం ముందు చర్మం లోపలే. అందుకే సున్తీ చేయించుకోనివాళ్లలో ఇది ఎక్కువ. దీన్ని డాక్టర్లు బెలనైటిస్ అంటారు, క్యాండిడా వల్ల వస్తే క్యాండిడల్ బెలనైటిస్ అని చీటీలో రాస్తారు. వేరే జబ్బుకి యాంటీబయాటిక్స్ వాడిన తర్వాత కూడా రావచ్చు, ఎందుకంటే ఆ మందులు ఈస్ట్‌ని అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి.

మన దగ్గర దీనికి ఇంకో పేరుంది: "వేడి చేసింది." ఒంటికి పోసేటప్పుడు మంట పుడితే చాలు, సబ్జా నీళ్లు, బార్లీ, మజ్జిగ మొదలవుతాయి. మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు, తాగండి. కానీ మూత్రం పుండుబడిన చర్మానికి తగిలి మండుతోందా, లోపలి నుంచే మంటగా వస్తోందా అన్నది వేరు చేసి చూసుకోవాలి. పైన తగిలిన చోట మాత్రమే చురుక్కుమంటే చర్మం సంగతి. లోపల మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, జ్వరం ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి ట్యూబ్ పనికిరాదు. ఇంకో మాట, వేడి తగ్గాలని చెరుకురసం, గ్లూకోజ్ నీళ్లు తెగ తాగేస్తుంటారు. ఈ జబ్బుకు అసలు కారణం షుగరే అయితే, అది మంటలో నెయ్యి పోసినట్టే.

చూసుకోండి, వెలుతురులో

తమాషా ఏమిటంటే, నెల రోజులుగా బాధపడుతున్నవాళ్లు కూడా అక్కడ సరిగ్గా చూసుకుని ఉండరు. బాత్రూమ్‌లో మసక బల్బు కింద కాదు, గది తలుపేసుకుని పగటి వెలుతురులో చూసుకోండి. గజ్జల మడతలు, వృషణాల వెనక భాగం కనబడాలంటే చిన్న అద్దం కావాలి, ఫోన్ కెమెరా అయినా సరే. ఫోటో తీసి పెట్టుకుంటే డాక్టర్‌కి చూపించడానికి కూడా పనికొస్తుంది. వెళ్లే రోజుకి కాస్త తగ్గిపోయి "ఇప్పుడేం కనబడట్లేదే" అనిపించుకునే బాధ ఉండదు.

ముందు చర్మాన్ని మెల్లగా వెనక్కి లాగి చూడండి. నొప్పెడితే ఆగిపోండి, బలవంతం చేయొద్దు. చూసుకున్నాక మళ్లీ ముందుకు తెచ్చేయడం మర్చిపోకండి. వాచిన చర్మాన్ని వెనక్కి లాగి అలాగే వదిలేస్తే అది పట్టీలా బిగుసుకుని రక్తం ఆడకుండా చేస్తుంది. అలా ఇరుక్కుపోయి ముందుకు రాకపోతే తెల్లారే దాకా ఆగకుండా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈస్ట్ అయితే సాధారణంగా కనిపించేవి ఇవి: లింగం చివరి నున్నటి భాగం ఎర్రబడి, తడితడిగా నిగనిగలాడుతుంది. దాని మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉండొచ్చు. ముందు చర్మం లోపల విరిగిన పాలలాంటి తెల్లటి పదార్థం, పులిసిన వాసన, దురద, మంట. ముందు చర్మం అంచున సన్నటి పగుళ్లు పడి, వెనక్కి లాగితే చుర్రుమంటాయి. ఈ పగుళ్ల సంగతి గుర్తుంచుకోండి, షుగర్ దగ్గర మళ్లీ దీని పని పడుతుంది.

కంగారు పడక్కర్లేనివి కూడా ఉన్నాయి. రెండు రోజులు కడుక్కోకపోతే ఎవరికైనా లోపల తెల్లటి పాచిలాంటిది చేరుతుంది. కడిగితే పోయి, కింద చర్మం మామూలు రంగులోనే ఉంటే అది జబ్బు కాదు. లింగం చివరి భాగం అంచు చుట్టూ ముత్యాల వరసలా సన్నటి బుడిపెలు చాలామందికి వయసొచ్చాక సహజంగా వచ్చేవే, జబ్బు కాదు. వాటిని గిల్లి, ఏవేవో రాసి పుండు చేసుకున్నవాళ్లను చూశాను.

ఈస్టా, తామరా, ఇంకేదైనానా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

తామర కూడా ఫంగసే, కానీ ఈస్ట్ కాదు. అది తొడ లోపలి వైపు గుండ్రంగా, ఉంగరంలా పాకుతుంది. అంచు ఎత్తుగా, పొలుసులతో ఉంటుంది, మధ్యలో తగ్గినట్టు కనిపిస్తుంది. నడుము దాకా, పిరుదుల దాకా పోతుంది గానీ వృషణాల సంచిని, లింగాన్ని సాధారణంగా వదిలేస్తుంది. ఈస్ట్ అలా కాదు. మడత లోపలే పచ్చిగా ఎర్రగా ఉండి, అంచు దాటాక చుట్టుపక్కల చిన్న చిన్న ఎర్ర పొక్కులు చల్లినట్టు ఉంటాయి. వృషణాల సంచిని కూడా వదలదు. లావుగా ఉన్నవాళ్లకు పొట్ట మడత కింద కూడా ఇలాగే వస్తుంది.

ఈ తేడా ఎందుకంటే, తామర అనగానే చేతిలో పెట్టే టెర్బినాఫిన్ క్రీమ్ ఈస్ట్ మీద అంతగా పనిచేయదు. క్లోట్రిమజోల్, మైకోనజోల్ లాంటివి ఈస్ట్ మీద బాగా పనిచేస్తాయి. ఇప్పుడు తామర కూడా మునుపటిలా లొంగడం లేదు. టెర్బినాఫిన్‌కి తేలిగ్గా లొంగని కొత్త రకం మన దేశంలో విపరీతంగా పాకింది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది, సంతోషించాల్సిన విషయం మాత్రం కాదు. కాబట్టి తొడల్లో ఉంగరాల్లా పాకుతుంటే సొంత వైద్యం మానేసి చర్మ డాక్టర్‌కి చూపించుకోండి.

గజ్జి అయితే రాత్రి పడుకున్నాక దురద చంపేస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా ఉంటుంది. లింగం మీద, వృషణాల మీద గట్టి బుడిపెల్లా వస్తుంది. ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అనుమానమే అక్కర్లేదు. దాని మందు వేరు, ఇంటిల్లిపాదీ వాడాలి.

ప్రతిసారీ అదే చోట, నల్లటి లేదా ఊదారంగు మచ్చలా వచ్చి మండుతుంటే, దానికి ముందు కొన్ని గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో ఏ మాత్ర వేసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. విరేచనాలకు వాడే కాంబినేషన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు కొందరికి సరిగ్గా లింగం చివరనే ఇలా పడవు. ఇది ఇన్ఫెక్షన్ కాదు, మందు పడకపోవడం. ఆ మాత్ర పేరు రాసిపెట్టుకుని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా చెప్పాలి.

నీటి పొక్కులు గుత్తిగా వచ్చి పగిలి నొప్పెట్టడం, నొప్పి లేని పుండు, మూత్రం దారి నుంచి చీము, తెల్లటి మచ్చలతో ముందు చర్మం రోజురోజుకీ బిగుసుకుపోవడం, నాలుగు వారాలైనా మానని గట్టి పుండు లేదా కాయ. వీటిలో ఏది ఉన్నా ట్యూబ్ కోసం మా దగ్గరికి రావద్దు, తిన్నగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

షుగర్ చూపించుకోండి

రెండేళ్ల కిందట ఒక మాస్టారు రెండు నెలల్లో మూడోసారి అదే క్రీమ్ అడిగారు. "షుగర్ ఏమైనా ఉందా మాస్టారూ?" అన్నాను. "నాకేంటయ్యా, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తాను" అని కోప్పడ్డారు. బతిమాలి అక్కడే వేలు గుచ్చి మెషీన్‌లో చూస్తే 287. మధ్యాహ్నం భోజనం చేసి మూడు గంటలైంది అప్పటికి. ఆయన ఆ అంకె వైపు చూసి, నా వైపు చూసి, "మెషీన్ పాడైందేమో, నీది చూసుకో" అన్నారు. నాది చూపించాను, 112 వచ్చింది. మర్నాడు పరగడుపున ల్యాబ్‌కి వెళ్లారు.

మన పెద్దవాళ్లు మూత్రానికి చీమలు పట్టాయంటే షుగర్ అని చెప్పేవాళ్లు. అందులో నిజముంది. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే కిడ్నీలు ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. పోసుకున్నాక ముందు చర్మం లోపల మిగిలే రెండు చుక్కల్లో ఆ చక్కెర ఉంటుంది. చీమలకు దొరికేదే క్యాండిడాకూ దొరుకుతుంది. ముందు చర్మం అంచున పగుళ్లు మాటిమాటికీ వస్తున్నాయంటే కొందరిలో షుగర్ బయటపడే మొదటి గుర్తు అదే. 2023లో వచ్చిన, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ల ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని లెక్కగట్టింది. కాబట్టి "నాకెందుకు ఉంటుంది" అనుకోవద్దు.

చేయించాల్సింది పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష). పరగడుపున 126 గానీ ఆపైన గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ కిందే లెక్క. మరోసారి చూసి డాక్టర్ ఖాయం చేస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలు గుచ్చి చూసే పరీక్షకు డబ్బులు తీసుకోరు.

ఇప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మీ స్ట్రిప్ వెనక మందు పేరు చూడండి. చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందా? డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్. ఈ మాత్రల పనే చక్కెరను మూత్రంలో బయటికి పంపడం. అందువల్ల రక్తంలో షుగర్ చక్కగా కంట్రోల్‌లో ఉన్నా మూత్రంలో చక్కెర ఉంటుంది, ఈస్ట్‌కి విందు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020 అక్టోబరులో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో మన దేశంలో ముగిశాయి. ధర బాగా పడిపోయింది, రాసేవాళ్లూ పెరిగారు. గుండె బలహీనతకు, కిడ్నీ జబ్బుకు కూడా రాస్తారు కాబట్టి షుగర్ లేనివాళ్ల దగ్గర కూడా ఈ స్ట్రిప్ కనబడుతుంది. మంచి మందే, గుండెనూ కిడ్నీనీ కాపాడుతుంది. దురద వచ్చిందని మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి చెప్పండి. చాలామందికి ఇన్ఫెక్షన్‌కి క్రీమ్ ఇచ్చి, పోసుకున్న ప్రతిసారీ నీళ్లతో కడిగి తుడుచుకోమంటే సరిపోతుంది.

ఈ మాత్రలు వాడేవాళ్లకు ఒక అరుదైన ప్రమాదం ఉంది, అరుదే గానీ చెప్పకపోతే తప్పు. వృషణాల నుంచి మలద్వారం దాకా ఉన్న చోట విపరీతమైన నొప్పి, వాపు, ఎరుపు, దానితో జ్వరం, నీరసం ఉంటే అది లోపలి కండను తినేసే ఇన్ఫెక్షన్ కావచ్చు. 2018 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మాత్రల మీద ఇదే హెచ్చరిక చేసింది. గంటలు లెక్క, ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్లాలి.

ట్యూబ్ మీది చిన్నక్షరాలు

బ్రాండ్ పేరు ఎంత పెద్దగా ఉన్నా దాన్ని వదిలేయండి. దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉండేదే అసలు మందు. కళ్లజోడు లేకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

మీకు కావాల్సింది ఒక్క పేరే ఉన్న ట్యూబ్: క్లోట్రిమజోల్ 1 శాతం, లేదా మైకోనజోల్ 2 శాతం. అంతే. వాటి పక్కన ఇంకో రెండు మూడు పేర్లుంటే అది నాలుగు జబ్బులకూ ఒకే దెబ్బ అన్న రకం. అందులో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ లాంటివి ఉంటే స్టెరాయిడ్ ఉన్నట్టు. గుర్తుపట్టడానికి నేను కుర్రాళ్లకు చెప్పే చిట్కా: చివర "సోన్", "లోన్", "సాల్" వస్తే స్టెరాయిడ్ అనుకుని ఆగండి, "కోనజోల్", "మజోల్" వస్తే ఫంగస్ మందు. ఆర్నిడజోల్ చివర కూడా "జోల్" ఉంటుంది గానీ అది ఫంగస్ మందు కాదు.

స్టెరాయిడ్ రాస్తే రెండు రోజుల్లో దురద మాయమవుతుంది. అదే దాని మాయ. ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని మన ఒళ్లు ఎదిరించే పనిని స్టెరాయిడ్ ఆపేస్తుంది. రాయడం ఆపగానే రెట్టింపుగా తిరగబడుతుంది. మళ్లీ రాస్తారు. పైగా ఆ చోటి చర్మం చాలా పల్చన. వృషణాల చర్మం ముంజేతి చర్మం కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువగా హైడ్రోకార్టిసోన్‌ని పీల్చుకుంటుందని 1967లోనే కొలిచి చూశారు.

దీని మీద నాకూ ఒక తప్పు ఉంది. షాపు పెట్టిన కొత్తల్లో డెలివరీ పనిచేసే ఒక కుర్రాడికి అలాంటి ట్యూబ్ నేనే ఇచ్చాను. "సూపర్‌గా పనిచేసింది అన్నా" అని మూడు నెలలు కొంటూనే ఉన్నాడు. ఓ రోజు లోపలికి వచ్చి లుంగీ పక్కకు జరిపి చూపించాడు: తొడ లోపల అంతా ఎర్రటి వెడల్పాటి చారలు, గర్భిణీల పొట్ట మీద పడేలాంటివి. చర్మ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఫంగస్ తగ్గడానికి నెలలు పట్టింది, చారలు మాత్రం పోలేదు, పోవు కూడా. 2018లో కేంద్రం ఘాటైన స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఎలా అమ్ముడవుతున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అడిగేవాళ్లు ఉన్నంతకాలం ఇచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, మీరు అడగకండి. వాపు, మంట బాగా ఉంటే డాక్టరే కొద్ది రోజులకు తేలికపాటి హైడ్రోకార్టిసోన్ కలిపి రాయొచ్చు, అది వేరే సంగతి.

ఫ్లూకోనజోల్ 150 మాత్ర ఒక్కటి వేసుకుంటే పోతుందని ఫ్రెండ్ చెప్పాడని అడుగుతారు. అది పనిచేసే మందే, కానీ చీటీ మందు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడుతున్నవాళ్లలో దాని బలం పెంచి షుగర్ బాగా పడిపోయేలా చేయగలదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం ప్రమాదం. మీరు వాడే మాత్రలన్నీ డాక్టర్‌కి చూపించాకే వేసుకోండి.

కడగడం, ఆరబెట్టడం, రాయడం

రోజుకు రెండుసార్లు, పొద్దున స్నానంలో, రాత్రి పడుకునే ముందు. ముందు చర్మం మెల్లగా వెనక్కి తీసి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. మామూలు నీళ్లు చాలు. సబ్బు వద్దు, డెటాల్ అసలే వద్దు. మగ్గులో మూత డెటాల్ పోసుకుని శుభ్రం చేసుకున్నామనుకునేవాళ్లకు ఆ తర్వాత వచ్చేది ఈస్ట్ కాదు, కాలిన చర్మం. వెల్లుల్లి, నిమ్మకాయ, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, పసుపు ముద్ద లాంటివేవీ పుండుబడిన చోట పెట్టకండి. పసుపు వంటింట్లో ఉండాల్సిందే, అక్కడ కాదు.

మెత్తటి పొడి బట్టతో అద్దండి, రుద్దొద్దు. ఆ తువ్వాలు మీకు ఒక్కరికే. ఒకట్రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. తడి మీద క్రీమ్ రాస్తే తడిని లోపల బంధించినట్టే.

క్రీమ్ శనగగింజంత తీసుకుని లింగం చివరి భాగం మీద, ముందు చర్మం లోపలి వైపున పల్చగా రాయండి. గజ్జల్లో కూడా ఉంటే మచ్చ అంచు దాటి ఒక వేలు వెడల్పు దాకా రాయండి. తెల్లగా పూత కనబడిందంటే ఎక్కువైనట్టు. ముందు చర్మాన్ని ముందుకు తెచ్చేయండి, చేతులు కడుక్కోండి. పౌడర్ చల్లొద్దు, అది తడికి ముద్దకట్టి ఒరుసుకుంటుంది.

ఎన్ని రోజులు? సాధారణంగా 7 నుంచి 14 రోజులు. మూడో రోజుకే హాయిగా ఉంటుంది, సగంమంది అక్కడే ఆపేసి నెల తిరక్కుండా మళ్లీ వస్తారు. కోర్సు అయ్యే దాకా రాయండి. వారం రాసినా ఏమీ తగ్గకపోతే మాత్రం పొడిగించకండి, అది ఈస్ట్ కాకపోవచ్చు. రాయగానే ఇంకా మండిపోతుంటే ఆ క్రీమే మీకు పడటం లేదేమో, ఆపేసి చూపించుకోండి.

డ్రాయర్లు కాటన్‌వి, కాస్త వదులుగా ఉన్నవి వేసుకోండి, చెమట పట్టిన రోజు రెండుసార్లు మార్చండి. వానాకాలంలో తడి ఆరని డ్రాయర్లు వేసుకుని బయల్దేరే అలవాటు మన ఇళ్లలో మామూలే. అవి ఆరకపోతే ఇస్త్రీ పెట్టి వేడిగా ఆరబెట్టండి. బెజవాడ, విశాఖ ఉక్కపోతలో రోజంతా బిగుతు జీన్స్‌తో బండి మీద తిరిగేవాళ్లు ఇంటికి రాగానే లుంగీలోకి మారితే అదే సగం వైద్యం.

భార్యకు చెప్పాలా?

చెప్పాలి. దాచిపెట్టి దొరికిపోతేనే అనుమానాలు మొదలవుతాయి. "ఎక్కడికెళ్లి తెచ్చుకున్నావ్?" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు ఉంది: ఇది సుఖవ్యాధుల లెక్కలోకి రాదు. అసలు ఎవరితోనూ కలవనివాళ్లకు, ముసలివాళ్లకు, పసివాళ్లకు కూడా వస్తుంది. కానీ ఒకరి నుంచి ఒకరికి వెళ్లే వీలుంది. ఆమెకు కూడా దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. ఆమెకు ఏమీ లేకపోతే మందు అక్కర్లేదు. ఆమె గర్భవతి అయితే మీకు రాసిన ఫ్లూకోనజోల్ మాత్ర ఆమెకు ఇవ్వకూడదు, ఆమె డాక్టర్‌కే చూపించాలి.

తగ్గేదాకా కలవకపోవడం మంచిది. మీ చర్మం పగిలి ఉంటుంది, రాపిడికి ఇంకా పగులుతుంది. ఇంకో సంగతి, ఇలాంటి క్రీములు, నూనెలు కండోమ్ రబ్బర్‌ని బలహీనపరుస్తాయి. మందు రాస్తున్న రోజుల్లో దాని మీద భరోసా పెట్టుకోకండి.

కొత్తవాళ్లతో కలిసిన తర్వాత ఇది మొదలైతే మాత్రం, ఈస్ట్ లాగే కనిపించినా సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి. తిట్టడానికి చెప్పడం లేదు, రెండూ ఒకేసారి ఉండొచ్చు కాబట్టి చెప్తున్నాను.

ఎక్కడికి వెళ్లాలి, ఏమని చెప్పాలి

ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో ఈ విభాగం బోర్డు మీద "చర్మ, సుఖ వ్యాధులు" అని ఉంటుంది. ఆ రెండో మాట చూసి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాళ్లున్నారు. ఆ వరసలో తలలో చుండ్రుకు వచ్చినవాళ్లూ, మొటిమలకు వచ్చిన అమ్మాయిలూ ఉంటారు, మీరెందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. జిల్లా ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ అని విడిగా కూడా ఉంటుంది, అక్కడ పరీక్ష, మందులు ఉచితం. సుఖవ్యాధులు, హెచ్ఐవీ మీద అనుమానాలుంటే 1097కి ఫోన్ చేసి అడగొచ్చు, కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

లోపలికి వెళ్లాక "కింద" అనొద్దు. "ముందు చర్మం లోపల ఎర్రబడి దురదగా ఉందండి, పది రోజుల నుంచి, ఫలానా ట్యూబ్ రాశాను" అనండి. వాడిన ట్యూబులన్నీ, అయిపోయినవైనా సరే, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. అవి చూడగానే డాక్టర్‌కి సగం కథ తెలిసిపోతుంది. వాడుతున్న షుగర్, బీపీ మాత్రల స్ట్రిప్పులు కూడా. డాక్టర్ చూస్తానంటే చూపించండి. బట్ట విప్పకుండా రాయించుకున్న మందుకీ, నా కౌంటర్ దగ్గర కొన్న మందుకీ పెద్ద తేడా ఉండదు.

అనుమానం ఉంటే డాక్టర్ పొక్కు మీద నుంచి కాస్త గీకి మైక్రోస్కోప్ కింద చూపిస్తారు, ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. దానికి వెళ్లేముందు కొద్ది రోజులు క్రీమ్ ఆపాల్సి రావచ్చు, ముందే అడగండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

షుగర్ నార్మల్, గ్లిఫ్లోజిన్ మాత్ర లేదు, కోర్సు పూర్తి చేశారు, భార్యకు ఏమీ లేదు. అయినా ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తోంది, ముందు చర్మం వెనక్కి రావడమే కష్టమవుతోంది. అప్పుడు యూరాలజిస్ట్ (మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్) దగ్గరికి వెళ్తే సున్తీ గురించి చెప్తారు. పేరు వినగానే చాలామంది మతం గుర్తొచ్చి ఉలిక్కిపడతారు. ఆస్పత్రిలో ఇది మామూలు చిన్న ఆపరేషన్. ఆ చోటు వరకే మత్తిచ్చి చేసి, చాలామందిని అదే రోజు ఇంటికి పంపించేస్తారు. షుగర్ ఉంటే ముందు దాన్ని కంట్రోల్‌లోకి తెచ్చాకే చేస్తారు, లేకపోతే పుండు త్వరగా మానదు. మానడానికి రెండు మూడు వారాలు, కలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

మన మాస్టారు సంగతి అడుగుతారేమో. ఆయనకు ఆపరేషన్ దాకా వెళ్లాల్సిన పని పడలేదు. షుగర్ దిగాక క్రీమ్ కోసం రావడం మానేశారు. ఇప్పుడు నెలనెలా షుగర్ మాత్రలకే వస్తున్నారు, అదీ పట్టపగలు, పదిమంది ఉన్నప్పుడే.